మలయ్ బైబిల్‌లో ‘అల్లా’: పేరా, జాతివాచకమా?

ప్రశ్న: దేవుణ్ణి ‘అల్లా’ అనవచ్చా లేదా అన్న మలేషియా క్రైస్తవుల కేసు గురించి తెలుగులో రాసేటప్పుడు ఆ మాటను ‘అల్లా’ అని ఉంచాలా, ‘దేవుడు’ అనాలా? ‘ముస్లిముల దేవుడి పేరు చర్చివాళ్లకెందుకు?’ అని చదివినవాళ్లు అడుగుతున్నారు.

జవాబు: ‘అల్లా’ అనే ఉంచండి, గొడవంతా ఆ మాట మీదే కదా. చిక్కు మన తెలుగు చెవితో వస్తుంది. దేవుడికి ‘దేవుళ్లు’ ఉంది, అల్లాకు బహువచనం లేదు. మనకది పేరు మాత్రమే. అరబ్బు క్రైస్తవులు మాత్రం దేవుణ్ణి అల్లా అనే పిలుస్తారు. మలయ్‌లోనూ ఇది నిన్నమొన్నటి వాడుక కాదు, 1629లో అచ్చయిన మత్తయి సువార్తలోనే ఉంది.

మరో జవాబు: మాట మార్చుకుంటే పోదా అనేవారు ఆదికాండం 2:4 చూడండి. తెలుగులో ‘దేవుడైన యెహోవా’. మలయ్‌లో అదే చోట ‘తుహాన్ అల్లా’. తుహాన్ అంటే ప్రభువు, దేవుడు. అల్లా తీసి తుహాన్ పెడితే ‘తుహాన్ తుహాన్’ అవుతుంది. మలయ్‌లో నామవాచకాన్ని రెట్టిస్తే బహువచనం, అంటే ఒక్క దేవుణ్ణి చెప్పాల్సిన చోట ‘దేవుళ్లు’ వినిపిస్తుంది!

అవతలివారి అభ్యంతరాన్నీ సరిగ్గా చెప్పాలి. మలయ్ ముస్లిములకు తుహాన్ జాతివాచకం, అల్లా ఏకైక దైవం పేరు. ‘అనక్ అల్లా’ (దేవుని కుమారుడు) అన్నమాట తౌహీద్‌కు (దేవుడు ఒక్కడే అనే ఇస్లాం మూల విశ్వాసానికి) నేరుగా అడ్డం. ముస్లిముల మధ్య అన్యమత ప్రచారాన్ని కట్టడి చేసే చట్టాలకు అక్కడి రాజ్యాంగం 11(4) అధికరణమే వీలిస్తోంది. అయినా మలేషియాలోని సబా, సరవాక్ రాష్ట్రాల క్రైస్తవులు తమ ప్రార్థనలో తరాలుగా పలుకుతున్న మాటను ఆపించడం ప్రచారాన్ని అడ్డుకోవడం కిందికి ఎలా వస్తుందో నాకు బోధపడదు.

ప్రశ్న అడిగినవారు: 2014లో కేసు ముగిసిపోయిందని రాయవచ్చా?

జవాబు: వద్దండీ, చాలామంది పొరబడేది అక్కడే. అవి రెండు కేసులు. మొదటిది, ‘అల్లా’ అనే మాట వాడుకునే హక్కు కోసం ‘హెరాల్డ్’ కాథలిక్ వారపత్రిక వేసినది. 2009 డిసెంబర్ 31న అది హైకోర్టులో గెలిచింది. కొద్ది రోజులకే, 2010 జనవరిలో, చర్చిల మీద దాడులు జరిగాయి. 2013 అక్టోబర్‌లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2014 జూన్‌లో ఫెడరల్ కోర్టు 4–3 తేడాతో అప్పీలుకు అనుమతి నిరాకరించింది. రెండోది, సరవాక్‌కు చెందిన జిల్ ఐర్లాండ్ వేసినది. 2008లో విమానాశ్రయంలో ఆమె దగ్గర 8 క్రైస్తవ సీడీలు పట్టుకున్నారు. అల్లా, కాబా (మక్కాలోని పవిత్ర మందిరం), బైతుల్లా (దేవుని ఇల్లు), సొలాత్ (నమాజు) అనే 4 మాటలను క్రైస్తవ ప్రచురణల్లో నిషేధించిన 1986 నాటి ఆదేశం చెల్లదని 2021 మార్చి 10న హైకోర్టు ఆ కేసులో చెప్పింది. 2023లో ప్రభుత్వం అప్పీలు వెనక్కి తీసుకుంది. అలాగని ‘నిషేధం పూర్తిగా పోయింది’ అనీ రాయకండి: కొట్టేసింది కేంద్రం ఆదేశాన్ని, రాష్ట్రాల చట్టాలను కాదు.

మొదటిసారి ఆ మాట వచ్చినచోట ఇలా రాస్తే సరి: ‘అల్లా – మలయ్ భాషలో క్రైస్తవులు కూడా దేవుడికి వాడే మాట’. ‘కూడా’ను మాత్రం వదలొద్దు.