పెద్దమ్మ చీటీలో 5000 ర్యాడ్లు, అమ్మ ఫైల్లో 50 గ్రేలు. ఏది ఎక్కువ?

గాజువాక అమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మకి రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయ్యాక కరెంటు (రేడియేషన్) పెట్టిస్తున్నాం. ఇవాళ్టికి 9 సిట్టింగులయ్యాయి.

1984లో మా పెద్దమ్మకి గర్భసంచి ముఖద్వారం కేన్సర్‌కి కోబాల్ట్ మెషీన్ మీద కరెంటు పెట్టారు. ఆ చీటీని పెద్దమ్మ ట్రంకుపెట్టెలో చీరల కింద ఇన్నాళ్ళూ దాచుకుంది. నిన్న అమ్మకి ధైర్యం చెబుదామని అది పట్టుకొచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ, నీలం సిరాతో '5000 ర్యాడ్స్' అని స్పష్టంగా కనబడుతోంది. అమ్మ వెంటనే తన ఫైలు తెమ్మంది. అందులో '50 జీవై, 25 సిట్టింగులు' అని ఉంది. ముఖం పాలిపోయింది. "అక్కకి ఐదు వేలు పెట్టి నాకు యాభై పెడతారేంటే? కార్డు మీద వచ్చామని తగ్గించేశారా?" అంది. రాత్రి రెండు ముద్దలు తిని లేచిపోయింది.

అదే ఫైల్లో ప్లానింగ్ కాగితం మీద '5000 సీజీవై' అని ఉంది. అది చూశాక నాకూ కాళ్ళూచేతులూ ఆడలేదు. డాక్టరు యాభై రాస్తే మెషీన్లో ఐదు వేలు పడుతోందా? కౌంటర్లో అడిగితే "అంతా సరిగ్గానే ఉందమ్మా" అని తర్వాతి వాళ్ళని పిలిచేశారు. నేను బీకాం చదివాను. ఎవరైనా లెక్క విడమరిచి చెబితే అమ్మకి నేను చెప్పుకుంటాను.

మధురవాడ ఫిజిసిస్టు:
చెల్లెమ్మా, ఆ మూడు అంకెలూ ఒకటే. అమ్మకి తగ్గించిందీ లేదు, మెషీన్లో ఎక్కువ పడిందీ లేదు. ముందు ఈ ముక్క అమ్మ చెవిన వెయ్యండి.

రేడియోథెరపీలో పదిహేనేళ్ళుగా నా పనే ఇది. ఒక గ్రాము పదార్థంలో 100 ఎర్గుల శక్తి దిగితే దాన్ని ఒక ర్యాడ్ అనేవారు. మీ ఫైల్లో జీవై అని రాసింది గ్రేనే. గ్రే అంటే కిలోకి ఒక జౌలు శక్తి. జౌలుకి కోటి ఎర్గులు, కిలోకి వెయ్యి గ్రాములు. కోటిని వెయ్యితో భాగిస్తే గ్రాముకి 10,000 ఎర్గులు వస్తాయి, అంటే 100 ర్యాడ్లు. గ్రేలో నూరో వంతు సెంటీగ్రే, మీ కాగితం మీది సీజీవై అదే. కాబట్టి ఒక సెంటీగ్రే అంటే అచ్చంగా ఒక ర్యాడ్. బీకాం అన్నారు కాబట్టి ఇలా చూడండి: 50 రూపాయలన్నా, 5000 పైసలన్నా సొమ్ము ఒకటే కదా.

లూయీ హెరాల్డ్ గ్రే అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు మీద ఈ కొలత 1975లో వచ్చింది. ర్యాడ్లకి అలవాటుపడిన చేతులు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ర్యాడ్లే రాశాయి. మీ పెద్దమ్మగారి చీటీ అలాంటిదే.

అయితే మొత్తాలు కలిశాయని ఇద్దరి వైద్యం ఒకటే అనుకోవద్దు. జబ్బు వేరు, శరీరంలో చోటు వేరు, మెషీన్ వేరు. రోజుకెంత పెట్టారన్నది కూడా చూడాలి. అమ్మకి 50ని 25తో భాగిస్తే రోజుకి 2 గ్రేలు. "వేడే తగల్లేదు, ఏం పనిచేస్తుంది బాబూ" అని మా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు తరచూ అడుగుతారు. 2 గ్రేలంటే కిలోకి 2 జౌళ్ళు. దాంతో నీళ్ళు డిగ్రీలో రెండు వేలో వంతు కూడా వేడెక్కవు. ఇది కాల్చే వైద్యం కాదు, కణాల్లోని డీఎన్ఏని తెంపుతుంది.

ఈ సందేహం అక్కడి ఫిజిసిస్టుని కూడా అడగండి. కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మాది.

పాత రేడియోగ్రాఫర్:
అమ్మా, నేను ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో ఇరిడియం అనే రేడియేషన్ సోర్సుతో వెల్డింగ్ జాయింట్లకి ఫిల్ములు తీసి రిటైరయ్యాను. కొలతలు కలగలిస్తే ఏమవుతుందో కళ్ళారా చూశాను. మా దగ్గర రేడియేషన్ కొలిచే పాత మీటరు గంటకి మిల్లీరాంట్జెన్లలో, కొత్తది మైక్రోసీవర్ట్‌లలో చూపించేది. ఒకసారి కొత్త గుంటడొకడు పాత మీటరు మీద 20 చూసి, కొత్తదాని లెక్కనుకుని, ఎవరూ దాటి రాకుండా అక్కడే తాడు కట్టేశాడు. గామా కిరణాలకి ఒక మిల్లీరాంట్జెన్ అంటే దాదాపు 10 మైక్రోసీవర్ట్‌లు. అంటే అక్కడ సుమారు 200 ఉన్నట్టు! వెంటనే అందర్నీ వెనక్కి జరిపి తాడు మళ్ళీ కట్టించాను. ఆ రోజు నుంచి ప్రతి మీటరు మీదా కొలత పేరు పెద్దక్షరాలతో రాయించాను.

నీ ఫైల్లో ఎక్కడైనా సీవర్ట్ అని గానీ రెమ్ అని గానీ కనబడితే గ్రేలతో కలపొద్దమ్మా. సీవర్ట్‌కి 100 రెమ్ములు. అవి మాలాంటి పనివాళ్ళ ఒంటిమీద పడే రేడియేషన్‌ని కొలిచే బ్యాడ్జీ లెక్కలు. మాకు ఏ ఏడాదీ 30 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఐదేళ్ళకి కలిపి 100 దాటకూడదు. వాటి పక్కన మీ అమ్మ 50 గ్రేలు పెట్టి చూస్తే గుండె ఆగిపోతుంది. ఒళ్ళంతా పడేదానికీ, గురిచూసి ఒక్కచోట పెట్టేదానికీ పోలికే లేదు.

గాజువాక అమ్మాయి:
అన్నయ్యగారూ, బాబాయ్‌గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు. రూపాయిలు, పైసలు అనగానే అమ్మకి అర్థమైపోయింది. పెద్దమ్మ చీటీ వెనకాల '5000 ర్యాడ్లు = 5000 సెంటీగ్రేలు = 50 గ్రేలు' అని తెలుగులో రాయించుకుంది. పొద్దున్న రెండు ఇడ్లీలు తిని 10వ సిట్టింగుకి వచ్చింది. ఒక్కటి అడగొచ్చా? 25 అయ్యాక 'బూస్ట్ 10 జీవై, 5' అని ఉంది. అదీ ఈ 50లోదేనా?

మధురవాడ ఫిజిసిస్టు:
అలా విడిగా రాశారంటే మామూలుగా 50కి అదనమేనమ్మా. గడ్డ తీసిన చోట మాత్రమే పెడతారు. 10 గ్రేలంటే 1000 ర్యాడ్లు, రోజుకి అవే 2 గ్రేల చొప్పున ఐదు రోజులు. అక్కడ మొత్తం 60 అవుతుంది. రేపు మీ డాక్టరుగారి నోటితో కూడా ఖాయం చేసుకోండి.