హైదరాబాదా, బెంగళూరా: ఇండియాను పక్కన పెట్టి లెక్క తీయడం ఎలా?

తిరుపతిలో డిగ్రీ పిల్లల ప్రాజెక్టు ఇది: ఈ రెండింట్లో ప్రపంచంలో ఏ ఊరి పేరు ఎక్కువమందికి తెలుసు? ఇక్కడ ఎవర్నడిగినా బెంగళూరే అంటారు, పక్కనే కదా మరి.

గూగుల్‌లో ఏ మాట ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో 2004 నుంచి, ప్రపంచం మొత్తం పెట్టి చూశాం. మామూలు పదంగా కొడితే పాకిస్తాన్‌లో సింధ్‌లోని హైదరాబాద్ కూడా కలిసిపోతోంది. 2014 నవంబరు 1న పేరు మారింది కాబట్టి బెంగళూరు లెక్క రెండు ఇంగ్లీషు స్పెల్లింగుల (Bangalore, Bengaluru) మధ్య చీలిపోతోంది. పదం బదులు 'నగరం' అని చూపే టాపిక్ ఎంచుకుంటే ఈ రెండు చిక్కులూ చాలావరకు తీరాయి.

అసలు తలనొప్పి ఇండియా. వెతుకులాటలో పెద్ద వాటా మనదే. దాన్ని తీసేసే ఆప్షన్ ట్రెండ్స్‌లో లేదు. అమెరికా, యూఏఈ, బ్రిటన్ విడివిడిగా తీశాం గానీ ప్రతి దేశానికీ గరిష్ఠం 100గా వేరే స్కేలు వస్తుంది, అవి కూడితే తప్పే. వికీపీడియా పేజీ వ్యూస్ (పేజీని ఎన్నిసార్లు చూశారనే లెక్క) 2015 జులై నుంచి దొరుకుతాయి, కానీ వాటిని చూపే టూల్ భాషలవారీగా చూపుతుందే తప్ప దేశాలవారీగా కాదు. ఇంగ్లీషు పేజీ చూసేవాళ్లలో మనవాళ్లెందరో తేలదు.

ఇండియా మినహా మిగతా దేశాల ట్రెండ్స్ అంకెల్ని ఒకే స్కేలు మీదికి తేవాలంటే ఏ పద్ధతి వాడాలి?