వాన పడ్డప్పుడల్లా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో కాలనీ చివర, పల్లంలో ఉంటుంది మా ఇల్లు. అరగంట గట్టి వాన పడితే చాలు, మ్యాన్‌హోల్ మూత లోపలి నుంచి ఎవరో గుద్దుతున్నట్టు ఎగురుతుంది. కాసేపటికి నల్లటి నీళ్లు మెట్ల దాకా వస్తాయి. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు. పెద్ద పైపు వేయించమని అర్జీ పెట్టాలా? రోడ్డు మీది నీళ్లు పోవాలని పక్కింటాయన గడ్డపారతో మూత తీసేస్తున్నారు. అలా తీయొచ్చా?

జవాబు: ముందు ఆ మూత తీయడం ఆపించండి, దయచేసి. నీళ్లు నిండిన రోడ్డు మీద తెరిచిన గుంత ఎవరికీ కనపడదు, నడిచే పిల్లలు అందులో పడిపోతారు. వాటర్ బోర్డు చట్టం ప్రకారం అది నేరం కూడా. పొంగితే వాటర్ బోర్డు నంబరు 155313కి ఫోన్ చేయండి.

ఎండాకాలంలో బాగున్న లైను వానకే పొంగుతోందంటే వాన నీళ్లు ఎక్కడో అందులో దిగుతున్నాయని అనుమానించాలి. డ్రైనేజీ పైపు బాత్రూం, వంటింటి నీళ్ల లెక్కకు వేసింది. వాన నీటి దారి వేరు: రోడ్డు పక్క కాలువ, నాలా, చెరువు, చివరికి మూసీ. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. 20 ఇళ్ల వాళ్లు డాబా గొట్టాలను డ్రైనేజీలో కలిపితే 20,000 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. అవన్నీ పల్లానికే, మీ గేటు దగ్గరికే వస్తాయి. మీ ఇంటి గొట్టం ఎక్కడ దిగుతోందో ముందు చూడండి. బకెట్ నీళ్లలో పసుపు కలిపి డాబా మీద గొట్టంలో పోయండి, కింద డ్రైనేజీ ఛాంబర్ (ఇంటి మురుగు గొట్టాలు కలిసే తొట్టి) దగ్గర ఒకరిని నిలబెట్టండి. పసుపు నీళ్లు అందులోకి వస్తే మీ గొట్టం డ్రైనేజీలో కలిసినట్టే.

ప్రశ్న అడిగినవారు: ఇవాళ పొద్దున్నే చేశామండీ. నిమిషం కూడా కాలేదు, ఛాంబర్‌లోకి పచ్చగా వచ్చేశాయి! కట్టినప్పుడు మేస్త్రీ కలిపేసినట్టున్నాడు. ఇప్పుడు ఆ గొట్టం ఎటు మళ్లించాలి?

మరో జవాబు: ఇంకుడు గుంతకు మళ్లించండి. పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు బాగా ఎడంగా తవ్వించాలి. సగం దాకా 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, ఆపైన దొడ్డు ఇసుక, పైన అర అడుగు ఖాళీ. నింపే ముందు ఉత్త గుంతలో నీళ్లు పోసి చూడండి. మన దగ్గర చాలాచోట్ల కొద్ది లోతుకే రాయి తగులుతుంది, అక్కడ నీళ్లు ఇంకవు. నిండి పొర్లే నీళ్లకు రోడ్డు పక్క కాలువకు ఒక పైపు పెట్టండి. బట్టలు ఉతికిన నీళ్లు మాత్రం ఇంకుడు గుంతలో వదలొద్దు. నమూనాలు చూడాలంటే జూబ్లీహిల్స్‌లో వాటర్ బోర్డు కట్టిన వాన నీటి పార్కుకు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లండి.

అయితే మీ ఒక్క ఇల్లు మార్చితే పొంగు ఆగదు, పై వీధి వాళ్లూ కదలాలి. మా కాలనీలో వాట్సాప్‌లో ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం అందరినీ పిలిచి ఈ పసుపు నీళ్లే పోసి చూపించాం. నెలలో తొమ్మిది ఇళ్ల గొట్టాలు మారాయి.

ప్రశ్న అడిగినవారు: పక్కింటాయనతో ఇప్పుడే మాట్లాడాను. ఆదివారం మొదటి బకెట్ వాళ్ల డాబా మీదే పోస్తామన్నారు.