బాస్ రాడ్ కట్టుకోడానికి ఏ బ్లాంక్ తీసుకోవాలి? తల వేడెక్కిపోయింది

గుణుపురం గాలం:
రాత్రి పదకొండుకి కూర్చున్నాను, ఇప్పుడు మూడున్నర. ఒక్క బ్లాంక్ (ఏమీ బిగించని ఉత్త కర్ర) ఎంచుకోలేక చస్తున్నాను. సొంతంగా బాస్ రాడ్, అదే చేపలు పట్టే గాలపు కర్ర, కట్టుకుందామని రీలు బిగించే సీటు, కార్కు పిడి, గాలం దారం దూరే రింగుల గైడ్లు, వాటిని కట్టే దారం, ఎపాక్సీ జిగురు అన్నీ తెచ్చేశాను. బ్లాంక్ ఒక్కటే మిగిలింది. ఒకటి మీడియం హెవీ, ఫాస్ట్. ఇంకోటి మీడియం, ఎక్స్‌ట్రా ఫాస్ట్. రెండోది 40 టన్నుల కార్బన్ అట, ధర దాదాపు రెట్టింపు. వీడియోలు చూసినకొద్దీ ఉన్న తెలివి కూడా పోతోంది. ఏది కొనమంటారు? సూటిగా చెప్పండి. మా ఆవిడ లేచి చూసిందంటే రెండూ ఉండవు.

నీటికొంగ:
ఏ చేప? ఎర బరువెంత? రీలు ఏ రకం? ఒంటి కర్రా, రెండు ముక్కలా?

గుణుపురం గాలం:
బాస్ రాడ్ అన్నాను కదండీ.

బరంపురం సముద్రం:
బాస్ అంటే పండుగప్ప. మా వైపు ఒడియా వాళ్ళు భేక్టి అంటారు. గుణుపురంలో పండుగప్ప ఎక్కడిది తమ్ముడూ? వంశధార సముద్రంలో కలిసేది కళింగపట్నం దగ్గర, మధ్యలో గొట్టా బ్యారేజీ అడ్డం. దానికోసమైతే ఈ రెండూ వద్దు, ఉప్పునీటి రాడ్ చూసుకో. గైడ్లు కూడా తుప్పు పట్టనివి కావాలి. ఒక సీజన్‌లో నావి నాలుగు పోయాయి, రింగు చుట్టూ పచ్చగా మొదలవుతుంది, తర్వాత...

నీటికొంగ:
అది సీబాస్. ఆయన చెప్పేది అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కోసం చేసే రాడ్ గురించి. ఇక్కడ ఆ రాడ్లతో కొర్రమీను పడతారు. అవునా?

గుణుపురం గాలం:
ఆ, కొర్రమీనే. ఇంకేముంటుంది మా చెరువుల్లో.

సిరోంచ ఒడ్డు:
కొర్రమట్ట అనాలె తమ్మీ. ప్రాణహిత గోదారిలో కలిసే కాడ పుట్టినోడిని, నాకు తెల్వదా. రాడ్ సంగతి తర్వాత, ముందు ఒక మాట. వానకాలంలో నీటి మీద ఎర్రగా పిల్లల గుంపు కనబడుతది, చిన్న చిన్న బుడగలు లేస్తుంటయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటయి. అప్పుడు కప్ప ఎర వేస్తే ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చిందని కొడతయి. ఆ రెండింటినీ పట్టుకుపోతే గంటలో మిగతా చేపలు పిల్లల్ని ఊడ్చేస్తయి. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేప అని పెట్టుకున్నది, మనమేమో పొదిగే కోడిని కోసుకుంటున్నం. వేల రూపాయల కర్రలు కట్టుకుని చేసేది ఇదేనా?

గుణుపురం గాలం:
పెదనాన్నా, నేను పిల్లల గుంపు మీద వెయ్యను. బ్లాంక్ గురించి ఎవరైనా చెప్పండి దయచేసి.

వెదురుబద్ద:
అసలు కార్బన్ ఎందుకు? కొండ మీద లోపల గుల్ల లేని సన్న వెదురు దొరుకుతుంది. నిప్పు మీద కాచి, వంకర తీసి, నీడన ఆరబెడితే మా తాత ముప్పై ఏళ్ళు వాడాడు.

నీటికొంగ:
దానికి రీలు ఎక్కడ పెట్టాడు మీ తాత?

వెదురుబద్ద:
రీలు లేకుండానే మీకంటే ఎక్కువ పట్టాడు.

జయపురం రీలు:
వెదురు గొడవ ఇంకో రోజు. గుణుపురం తమ్ముడూ, మూడు అంకెలు చెప్పు: నీ ఎర ఎన్ని గ్రాములు, ఆ రెండు బ్లాంకుల మీద ఔన్సుల్లో ఎంత రాసుంది, చెరువులో గుర్రపుడెక్క ఎంత.

గుణుపురం గాలం:
రబ్బరు కప్ప, 16 గ్రాములు. మొదటిదాని మీద 3/8 నుంచి 1 ఔన్సు, రెండోదాని మీద 1/4 నుంచి 5/8. చెరువు సగం తామరాకు, సగం గుర్రపుడెక్క. ఒడ్డు మీంచే వేస్తాను.

జయపురం రీలు:
ఇది మొదటే చెప్పాల్సింది. ఔన్సు అంటే 28 గ్రాములు. మొదటిది సుమారు 10 నుంచి 28 గ్రాములు విసురుతుంది, రెండోది 7 నుంచి 18. నీ కప్ప మొదటిదానికి మధ్యలో పడింది, రెండోదానికి అంచున ఉంది. పైగా బోలు కప్పలో నీళ్ళు చేరితే ఇంకో గ్రామో రెండో పెరుగుతుంది. మీడియం, మీడియం హెవీ అన్న మాటలు చూడకు, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి మీడియం హెవీ అవుతుంది. అంకె చూడు.

ఇక 40 టన్నులు. అది కర్ర మోసే బరువు కాదు, కార్బన్ పోగు బిగువుకి చదరపు మిల్లీమీటరు లెక్కన చెప్పే అంకె. అది పెరిగితే అదే బిగువు తక్కువ పోగుతో వస్తుంది, కర్ర తేలికవుతుంది, దాంతోపాటు గోడ పలచనవుతుంది. బండి ఫుట్‌రెస్టుకి తగిలి ఓ చిన్న నొక్కు పడిందనుకో, కంటికి కనబడదు. ఎప్పుడో చేప లాగుతున్నప్పుడు సరిగ్గా అక్కడే ఫట్. ఆకుల్లోంచి మూడు కిలోల చేపని ఈడ్చేవాడికి ఆ తేలిక దేనికి? మొదటిది తీసుకో.

పడవ బుజ్జి:
కొర్రమీను దవడ ఎముక కదండీ, గాలం దిగాలంటే ఫాస్ట్ కావాలి. ఫాస్ట్ అంటే గట్టి కర్ర. అప్పుడు ఎక్స్‌ట్రా ఫాస్ట్ ఇంకా గట్టిది కదా?

నీటికొంగ:
కాదు. గట్టిదనం పవర్. ఎక్కడ వంగుతుందనేది యాక్షన్.

పడవ బుజ్జి:
మాకు షాపులో ఫాస్ట్ అంటేనే గట్టిది ఇస్తారు.

నీటికొంగ:
షాపువాడికీ తెలీదు.

జయపురం రీలు:
బుజ్జీ, ఫాస్ట్ అయితే కొస వైపు మూడో వంతు వంగి, మిగతాది నిలబడుతుంది. మోడరేట్ అయితే నడుం దాకా వంగుతుంది. గట్టిదనం తేలాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. కర్రని అడ్డంగా పెట్టి పిడి వైపు బల్లకి బిగించి, కొసకి ఖాళీ సీసా కట్టి నీళ్ళు పోస్తూ ఉండు. 7 అడుగులంటే 213 సెంటీమీటర్లు, కొస 71 సెంటీమీటర్లు కిందికి దిగాక ఆపి సీసాతో సహా తూచు. ఎంత బరువుకి దిగిందో అది దాని పవర్. అమెరికాలో ఇదే పని సెంటు నాణేలతో చేస్తారు, కామన్ సెంట్స్ పద్ధతి అంటారు. రెండు కర్రలు తూచి పెట్టుకో, షాపువాడితో వాదన ఉండదు.

వెదురుబద్ద:
మా వెదురుది కూడా తూచి చెప్తాను, ఆగండి.

గుణుపురం గాలం:
మొదటిదానికే డబ్బు కట్టేశాను. రెండు ముక్కలది, రైల్లో తేవడానికి వీలుగా. గైడ్లు ఎక్కడెక్కడ కట్టాలో ఎవరైనా చెప్పగలరా? మొదటి గైడు రింగు 30 మిల్లీమీటర్లు, చివరికొచ్చేసరికి చిన్నవి.

నీటికొంగ:
రీలు ఏ రకం అని రాత్రే అడిగాను.

గుణుపురం గాలం:
బెయిట్‌కాస్టర్, కర్ర పైన కూర్చునే రీలు. సీటుకి కింద వేలు పట్టే కొక్కెం కూడా ఉంది.

నీటికొంగ:
అవి స్పిన్నింగ్ గైడ్లు, కర్ర కింద వేలాడే రీలుకి.

జయపురం రీలు:
అయ్యో. స్పిన్నింగ్ రీల్లో దారం చుట్టలు చుట్టలుగా ఎగిరి వస్తుంది, దాన్ని దారిలో పెట్టడానికి అంత పెద్ద రింగు. బెయిట్‌కాస్టర్‌లో దారం సూటిగానే వస్తుంది కాబట్టి మొదటిది 10, 12 ఉంటే చాలు. గైడ్లు కర్ర పైవైపుకి వస్తాయి, అంత ఎత్తు కాళ్ళున్నవి పైకి కడితే చేప లాగినప్పుడు కర్ర చేతిలో తిరిగిపోతుంది. ఇంకా కట్టలేదు కదా?

గుణుపురం గాలం:
కట్టలేదు. బాస్ సెట్ అని అడిగితే ఇవే ఇచ్చాడు. సరే, మార్చుతాడేమో చూస్తాను. థాంక్స్ అందరికీ, డ్యూటీకి టైమైంది.

బరంపురం సముద్రం:
తమ్ముడూ, మార్చకపోతే ఆ 30 రింగు సెట్ నాకు ఇస్తావా? తుప్పు పట్టని రకమేనా?