బాల సాహిత్య పురస్కారం: బరిలో ఉండాల్సిన పుస్తకాలను ఎవరు ఎంచాలి?

గ్రంథాలయం మెట్లు (శనివారం, ఉదయం 8:40)

కేంద్ర సాహిత్య అకాడమీ 2026 తెలుగు బాల సాహిత్య పురస్కారానికి మన దృష్టిలో బరిలో ఉండదగిన ఆరు పుస్తకాల జాబితా వేద్దామని కిందటి నెలలో ఈ గుంపులో అనుకున్నాం. మనల్ని ఎవరూ అడగలేదు, అకాడమీ పెట్టే ముగ్గురు న్యాయనిర్ణేతలకు మన జాబితా చేరదు కూడా. అయినా వేద్దాం. కాలపరిమితి వాళ్ళదే పెట్టుకుందాం. 2025 పురస్కారానికి 2019 జనవరి నుంచి 2023 డిసెంబరు వరకు తొలిసారి అచ్చయిన పుస్తకాలను చూశారు. ఆ లెక్కన మనకు 2020 నుంచి 2024 వరకు.

దానికి నేనొక షరతు కలుపుతున్నాను. కనీసం ఐదుగురు పిల్లలు, ఎవరూ బలవంతపెట్టకుండా, చివరిదాకా చదివిన పుస్తకాన్నే జాబితాలో పెట్టాలి. మా ఉన్నత పాఠశాల గ్రంథాలయం నేనే చూస్తాను. రిజిస్టరు నా చేతిలో ఉంది కాబట్టే ఈ మాట అంటున్నాను.

పలక బలపం (ఉదయం 9:25)

అమ్మా, మీ ఉత్సాహం బాగుంది, షరతు బాగాలేదు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. పిల్లల ఇష్టానికే వదిలేస్తే పాఠ్యపుస్తకంలో ఒక్క వేమన పద్యం కూడా మిగలదు. ముందు నోటికి పట్టిస్తాం. వాడికి ముప్పై ఏళ్ళు వచ్చాక, ఏ బస్సులోనో కూర్చున్నప్పుడు అర్థమవుతుంది. 2010లో ఈ పురస్కారం మొదలైనప్పుడు కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’ నవలకు ఇచ్చారు. ఏ బడి రిజిస్టరు తిరగేసి ఇచ్చారు? సాహిత్యం తెలిసిన పెద్దలు చదివి ఇచ్చారు.

ఇంకొక మాట. మొదటి పదేళ్ళూ ఒక పుస్తకానికే కాక, రచయిత మొత్తం కృషికి కూడా ఇచ్చే వీలుండేది. 2012లో రెడ్డి రాఘవయ్య గారికి, 2015లో చొక్కాపు వెంకటరమణ గారికి, 2017లో వాసాల నర్సయ్య గారికి అలాగే వచ్చింది. ఆ తలుపు ఎలాగూ మూసేశారు. ఇప్పుడు మీరు కిటికీ కూడా మూస్తానంటున్నారు.

చందమామ పాత కట్టలు (ఉదయం 9:31)

1947 జులైలో చందమామ మొదలుపెట్టినప్పుడు చక్రపాణి గారు పిల్లల ఓటు తీసుకున్నారా?

గ్రంథాలయం మెట్లు (ఉదయం 9:50)

ప్రతి నెలా తీసుకున్నారు. దాన్ని చందా అనేవారు.

పద్నాలుగు పాయింట్లు (ఉదయం 10:05)

అసలు సంగతి అందరూ వదిలేశారు. అక్షరం సైజు. మన పిల్లల పుస్తకాల్లో సగానికి సగం పెద్దల నవలల అక్షరంతోనే వస్తున్నాయి. తెలుగు ఇంగ్లీషు లాంటిది కాదు. పైన గుడిదీర్ఘం, కింద ఒత్తు. వరుసల మధ్య ఎడం లేకపోతే పై వరుసలోని ‘స్త్ర’ వచ్చి కింది వరుసలోని ‘కీ’ నెత్తిన కూర్చుంటుంది. మూడో తరగతి పిల్లవాడు ఆ ముడి విప్పుకుంటాడా, కథ చదువుతాడా? అక్షరం సైజు పద్నాలుగు పాయింట్లకు తగ్గిన ఏ పుస్తకమూ మన జాబితాలో ఉండకూడదు. నా షరతు ఇది.

పలక బలపం (ఉదయం 10:20)

సాహిత్య పురస్కారం గురించి మాట్లాడుతున్నాం, కళ్ళజోళ్ళ గురించి కాదు.

కుంచె పట్టినవాడు (ఉదయం 11:02)

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి బొమ్మల సంగతీ చెప్పుకుంటాను. పురస్కారం కింద 50,000 రూపాయలు, తామ్రఫలకం రచయితకే. బొమ్మలు వేసినవాడికి అందులో వాటా లేదు. పోనీ, పుస్తకంలో పేరైనా ఉండాలి కదా. ఒక ప్రచురణకర్తకు ఇరవై రెండు బొమ్మలు వేసిచ్చాను. నా పేరు ధర పక్కన, చీమ తలకాయంత వేశారు. డబ్బు ఇప్పటికీ రాలేదు. బొమ్మలు వేసినవారి పేరు అట్ట మీద ఉన్న పుస్తకాలకే చోటివ్వండి.

పొడుపు విడుపు (ఉదయం 11:15)

అన్నీ కథల పుస్తకాలే అనుకుంటున్నారు. 2021లో దేవరాజు మహారాజు గారికి నాటకం మీద వచ్చింది, 2022లో పత్తిపాక మోహన్ గారికి కవితల మీద. నాటకాన్ని పిల్లలు ‘చివరిదాకా చదివారు’ అని ఎలా లెక్కపెడతారు? ఆడితే కదా తెలిసేది.

గ్రంథాలయం మెట్లు (మధ్యాహ్నం 12:40)

పొడుపు విడుపు గారు అడిగింది సరైన ప్రశ్న, ఒప్పుకుంటున్నాను. నాటకాలకు వేరే లెక్క చూద్దాం.

మాస్టారూ, మీకు ఒక సంగతి చెబుతాను. మా ఏడో తరగతి కుర్రవాడొకడు నవంబరులో ఒక కథల పుస్తకం తిరిగి ఇచ్చాడు. తెరిస్తే, కథల చివర ‘నీతి’ అని ఉన్న వరుస మీద నోటుబుక్కు కాగితం ముక్క అతికించి ఉంది. అన్నంతో అతికించాడు, మెతుకు కనిపిస్తూనే ఉంది. కాగితం మీద పెన్సిలుతో వాడే ఒక నీతి రాశాడు. పుస్తకం పాడుచేశావని కోప్పడితే, ‘పందెం టీచర్’ అన్నాడు. కథ చదివి నీతి ఊహించాలి, కాగితం ఎత్తి చూడాలి, సరిపోతే ఒక గోళీ. పదకొండు కథల్లో తొమ్మిదింటికి సరిపోయిందట. వాళ్ళు చదివింది కథ కాదు. చివర ఏముంటుందో ముందే తెలిసిన దారిలో నడిచి వచ్చారు.

పలక బలపం (మధ్యాహ్నం 1:10)

తొమ్మిది కథలు సరిగ్గా అర్థమయ్యాయన్నమాట! పరీక్షలో నూటికి ఎనభై పైన మార్కులు. దీన్ని మీరు లోపం అంటున్నారు. ఆ కుర్రవాణ్ణి మెచ్చుకోవాల్సింది పోయి కోప్పడ్డారు.

ఇద్దరు పిల్లల తల్లి, రెడింగ్ (మధ్యాహ్నం 2:30)

మా పెద్దది ఆదివారం బడిలో తెలుగు నేర్చుకుంటోంది. వరుస వరుసకీ వేలు పెట్టి చదువుతుంది. అంత కష్టపడి రెండో పేజీకి వచ్చి, ‘అమ్మా, ఈ అబ్బాయికి చివర్లో బుద్ధి వస్తుంది కదా?’ అంది. వచ్చింది.

ఇక్కడ ఇంగ్లండులో పిల్లల పుస్తకాలకు ఇచ్చే కార్నెగీ పతకం లైబ్రేరియన్లే నిర్ణయిస్తారు. తుది జాబితాలోని అవే పుస్తకాలను బళ్ళలో పిల్లల బృందాలు కూడా చదివి, తమకు నచ్చినదాన్ని వేరుగా ఎన్నుకుంటాయి. అలా రెండు జాబితాలు పెట్టుకోకూడదా?

పలక బలపం (మధ్యాహ్నం 2:48)

అక్కడ చాలా బళ్ళకు లైబ్రరీ ఉంటుందమ్మా. ఇక్కడ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే విద్యాసంవత్సరం గడిచిపోతుంది.

పద్నాలుగు పాయింట్లు (మధ్యాహ్నం 3:05)

మెట్లు గారూ, ఆ పుస్తకం అట్ట మీద గొడుగు పట్టుకున్న కుందేలు ఉందా? పదకొండు కథలు, పదకొండు పాయింట్ల అక్షరం? అయితే అది మాస్టారి పుస్తకమే. నా దగ్గర సంతకం చేసిన ప్రతి ఉంది. అక్షరం చిన్నదని అప్పుడే ఆయనకు ఉత్తరం రాశాను.

గ్రంథాలయం మెట్లు (మధ్యాహ్నం 3:20)

కుందేలే.

పలక బలపం (సాయంత్రం 5:40)

అవును, నాదే. 2021లో వేశాను. కనుక మీ కాలపరిమితిలోకే వస్తుంది. ఆ పుస్తకం కోసమే వాదిస్తున్నానని అందరూ అనుకుంటారు కాబట్టి, అనుకోండి.

1978 నుంచి పత్రికల పిల్లల పేజీలకు రాస్తున్నాను. మూడు వందలకు పైగా కథలు. చాలా వాటికి పారితోషికం లేదు, కొన్నింటికి పత్రిక ప్రతి కూడా పంపలేదు. ఈ పుస్తకానికి ప్రచురణకర్త దొరకలేదు. ఒకాయన నా రాతప్రతి ఏడాదిన్నర దగ్గర పెట్టుకుని, ‘పిల్లల పుస్తకాలు కదలవు మాస్టారూ’ అని తిరిగి ఇచ్చాడు. పింఛను డబ్బుతో ఐదు వందల ప్రతులు వేయించాను. రెండు వందలు బళ్ళకు ఉచితంగా ఇచ్చాను, మీ బడికి వచ్చింది వాటిలోదే. మిగిలినవి అటక మీద ఉన్నాయి. వానాకాలం వస్తే మా ఆవిడ వాటి మీద పట్టా కప్పుతుంది. నాకు డెబ్బై ఒకటి. మొత్తం కృషికి ఇచ్చే వీలు పోయింది, ఈ పుస్తకానికి ఐదేళ్ళ గడువు దాటితే అదీ పోతుంది. నలభై ఏళ్ళకు పైగా పిల్లల కోసం రాసినవాడిని ఎవరు గుర్తించాలి? మెతుకులతో కాగితాలు అంటించే కుర్రవాడా?

కుంచె పట్టినవాడు (సాయంత్రం 5:58)

కుందేలు బొమ్మ ఎవరు వేశారు మాస్టారూ? పేరు వేశారా?

పలక బలపం (సాయంత్రం 6:01)

నా మేనల్లుడు. వేశాను.

గ్రంథాలయం మెట్లు (రాత్రి 8:15)

పుస్తకం మీదని తెలిస్తే ఆ పందెం సంగతి ఇక్కడ అందరి ముందూ రాసేదాన్ని కాదు. అందుకు నొచ్చుకుంటున్నాను. షరతు గురించి మాత్రం కాదు.

మాస్టారూ, పొద్దుటి నుంచి మనం వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నాం. మీరు అడుగుతున్నది జీవితమంతా రాసినవారికి దక్కాల్సిన సన్మానం. అది న్యాయమే. పెట్టండి, నేను ముందు నిలబడి దండ వేస్తాను. కానీ ‘ఈ ఐదేళ్ళలో వచ్చిన మంచి పిల్లల పుస్తకాలు ఇవి’ అని ఒక జాబితా వేస్తే, దాన్ని నమ్మి ఎవరో తల్లి నూట యాభై రూపాయలు పెట్టి కొంటుంది. ఇంట్లో పిల్ల రెండో పేజీలో ఆగిపోతే ఆ తల్లి మళ్ళీ తెలుగు పుస్తకం కొనదు. మీ అటక మీద పుస్తకాలు మిగిలిపోవడానికి అది కూడా ఒక కారణం.

పలక బలపం (రాత్రి 8:22)

నా అటక గురించి మీరు చెప్పక్కరలేదు.

పొడుపు విడుపు (రాత్రి 8:30)

ఇద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి.

గ్రంథాలయం మెట్లు (రాత్రి 9:05)

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. పదకొండు కథల్లో రెండింటికి పందెం కుదరలేదన్నాను కదా. ఒకదానికి వాళ్ళ నీతి తప్పింది. రెండోది ఏడో కథ, ఊరి బావిలో చేద పడిపోయే కథ. దానికి చివర నీతి వరుసే లేదు. కాగితం ఎక్కడ అంటించాలో వాడికి తెలియలేదు. ఆ చేద ఎవరు పడేశారన్న దాని మీద తరగతిలో రెండు జట్లయ్యాయి. ముసలమ్మే కావాలని పడేసిందని ఒక జట్టు. ఇప్పటికి పద్నాలుగు మంది ఆ పుస్తకం తీసుకున్నారు. అందరూ ముందు ఏడో కథే తెరుస్తున్నారు, పుస్తకం అక్కడే విరిగింది.

పలక బలపం (రాత్రి 9:40)

ఆ కథకు నీతి ఉంది. నేను రాశాను. పేజీ కూర్చేటప్పుడు ఎగిరిపోయింది, అచ్చయ్యాక చూసుకున్నాను. రెండో ముద్రణలో వేయిస్తాను.

ముసలమ్మ అని ఎవరన్నారు? ఏ తరగతి?

ఇద్దరు పిల్లల తల్లి, రెడింగ్ (రాత్రి 9:44)

వేయించకండి మాస్టారూ. అటక మీది ప్రతుల్లో రెండు నాకు పంపండి, తపాలా ఖర్చు నాదే.

గ్రంథాలయం మెట్లు (రాత్రి 9:52)

ఏడో తరగతి, బి సెక్షను. ఆడపిల్లలంతా ముసలమ్మే అంటున్నారు.

పద్నాలుగు పాయింట్లు (రాత్రి 10:10)

రెండో ముద్రణ వేసేట్లయితే, పద్నాలుగు.