అప్‌డేట్: కథ మూడో పేజీ దగ్గర ఆగిపోవడం గురించి

రోజూ కూర్చున్నా కథ మూడో పేజీ దాటడం లేదని అడిగాను కదా. అమెరికన్ రచయిత హెమింగ్వే పద్ధతి చూడమన్నవాళ్లందరికీ థాంక్స్. నిజంగా పనిచేస్తోంది, కాకపోతే ఒక మెలిక ఉంది.

1958లో పారిస్ రివ్యూ అనే సాహిత్య పత్రిక ఇంటర్వ్యూలో ఆయన చెప్పింది: తెల్లవారగానే మొదలుపెట్టి, తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోట ఆపేయాలి. మెలిక ఇక్కడే. సీను పూర్తిచేసి ఆపితే లాభం లేదు. తలుపు చప్పుడైంది, లోపలివాళ్లు లేచారు... అక్కడ పెన్ను మూసేయాలి. కింద ఒక్క ముక్క: “వచ్చింది మేనమామ, చేతిలో పొలం కాగితాలు.” పొద్దున్నే ఆ ముక్కే దారి చూపిస్తుంది. అంతకుమించి రాసిపెట్టుకుంటే సీను అయిపోయినట్టే అనిపించి ఊపు పోతుంది.

ఆయన అట్టపెట్టె ముక్క మీద రోజువారీ పదాల లెక్క వేసుకునేవాడు: 450, 575, 462, 1250, మళ్లీ 512. ఆ పెద్ద అంకెలు మర్నాడు చేపలు పట్టడానికి వెళ్లాలనుకున్న రోజులవి. తెలుగులో ఆ లెక్క తగ్గించుకోవాలి. ‘వెళ్లలేకపోయాడు’ మనకు ఒక్క పదమే మరి! రోజుకు 300 చాలు.

ఇక ఐడియాలు. నోట్‌బుక్‌లో “గట్టు తగాదా” అని సారాంశం రాసుకుంటే నెల తర్వాత అందులో ప్రాణం ఉండదు. మాటను యాసతో సహా దించుకోవాలి: “గట్టు మీది తుమ్మ కొట్టిచ్చిండు, అడిగితే గాలికి పడ్డదన్నడు.” ఇందులో మనిషి ఉన్నాడు, అబద్ధం ఉంది, కథ మొదలైపోయింది.