పేదలకు, ఇల్లు లేనివారికి క్రైస్తవులు ఎందుకు సేవ చేయాలి?

ప్రశ్నార్థకం:
అందరికీ వందనాలు. మా సంఘంలో యువకులం కొందరం వారానికో రాత్రి బయట పడుకునేవాళ్ల దగ్గరికి వెళ్లి భోజనం, దుప్పట్లు ఇస్తుంటాం. మొన్న కమిటీ మీటింగులో ఒక పెద్దాయన, "ఈ డబ్బు సువార్తకు పెట్టొచ్చు కదా, ఆకలి చూసుకోవడానికి ప్రభుత్వం ఉంది" అన్నారు. మాలో ఒకడు మత్తయి 25 తీసి, ఆకలిగొన్నవాడికి పెట్టింది తనకే పెట్టినట్టని తీర్పులో రాజు చెప్పే భాగం చదివాడు. ఇంకో సిస్టర్, "మనం వెళ్లకపోతే వాళ్లకు రక్షణ వార్త ఎవరు చెప్తారు" అంది. నాకు మాత్రం నోరు పెగల్లేదు. వెళ్తున్నాను, వెళ్లాలనే ఉంది. కానీ ఎందుకని అడిగితే సరైన జవాబు దొరకడం లేదు. మీరైతే ఏం చెప్తారు?

కృప_ఒక్కటే:
మత్తయి 25ను జాగ్రత్తగా వాడండి తమ్ముడూ. అన్నం పెట్టినవాళ్లు కుడివైపు, పెట్టనివాళ్లు ఎడమవైపు అని పైపైన చదివితే రక్షణ మన చేతిలో పని అయిపోతుంది. ఎఫెసీ 2:8-9 చూడండి. కృపచేతనే రక్షింపబడ్డాం, క్రియల వల్ల కాదు, ఎవరూ అతిశయపడడానికి లేదు. సేవ మంచిదే, నేను కాదనడం లేదు. కానీ భోజనం పెట్టి వాక్యం చెప్పకుండా తిరిగొస్తే అతనికి ఒక పూట కడుపు నిండుతుంది, అంతే. మీ పెద్దాయన అన్నదాంట్లో నాకైతే తప్పు కనిపించలేదు.

నర్సమ్మ:
తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోకండి బ్రదర్. పదోది కూడా ఉంది. సత్క్రియలు చేయడానికే క్రీస్తు యేసులో సృష్టింపబడ్డామని.

కృప_ఒక్కటే:
పదోది నాకు తెలుసు సిస్టర్. అది రక్షణ తర్వాత వచ్చే సంగతి. మత్తయి 25లో తీర్పు దేన్నిబట్టి జరుగుతోంది? దానికి చెప్పండి.

నర్సమ్మ:
తీర్పు సంగతి తీర్చేవాడికి వదిలేద్దాం. తమ్ముడు అడిగింది అది కాదు.

నేను ఆసుపత్రిలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సంఘంలో కొందరితో కలిసి రాత్రిళ్లు వెళ్లి పుళ్లకు కట్లు కడుతుంటాను. బయట పడుకునేవాళ్లకు చాలాసార్లు ముందు పాడయ్యేది పాదాలే. బూట్లు విప్పితే తెల్లారేసరికి ఉండవని విప్పకుండానే పడుకుంటారు. తడిసిన సాక్సు రోజుల తరబడి అలాగే ఉండిపోతే చర్మం తెల్లగా నానిపోయి, వేళ్ల సందుల్లో పగిలి, సాక్సు లాగినప్పుడు దాంతో పాటే ఊడొస్తుంది. షుగరు ముదిరినవాడికైతే నొప్పి కూడా తెలియకపోవచ్చు. అలాంటి మనిషి చేతిలో ముందు కరపత్రం పెట్టమంటారా? "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు అడిగింది మనల్నే.

ఇక ప్రభుత్వమంటారా, కాగితాలు లేనివాడికి పథకాలు అందడం చాలా కష్టం. తల కింద పెట్టుకున్న సంచి ఎవరో ఎత్తుకుపోతే కాగితాలూ పోయినట్టే.

మౌనపాఠకుడు:
పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని పౌలే రాశాడు. 2 థెస్సలొనీక 3:10. ఒక్క మాట చెప్పి వెళ్తున్నా.

నర్సమ్మ:
వెళ్లే ముందు పదకొండో వచనం కూడా చదివి వెళ్లండి. సంఘంలో ఉంటూనే ఏ పనీ చేయకుండా పరుల జోలికి పోయేవాళ్లకు రాసిన మాట అది. గూడు లేనివాడి గురించి కాదు.

గట్టుమీదోడు:
అందరూ వచనాలు విసురుకుంటున్నారు. చాలా సంఘాలు ఈ సేవ ఎందుకు చేస్తాయో నేను చెప్తాను. ఫొటో కోసం. రిపోర్టు కోసం. ఆ రిపోర్టు చూసి వచ్చే కానుకల కోసం. మత్తయి 25 కంఠతా వచ్చినవాళ్లకు అదే పుస్తకంలో 6వ అధ్యాయం కనబడదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నది అక్కడే ఉంది. తమ్ముడూ, మీ గ్రూపులో ఎన్ని ఫొటోలున్నాయో ఒకసారి చూసుకో. నీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్నార్థకం:
ఫొటోలున్నాయి అన్నా. కమిటీ అడుగుతుంది కాబట్టి తీస్తాం.

గట్టుమీదోడు:
చూశారా.

అవతలిపక్షం:
నేను విశ్వాసిని కాను, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. ఆకలితో ఉన్నవాడికి పెట్టడానికి మీకింత చర్చ ఎందుకో నాకర్థం కాదు. అయినా మీ చరిత్ర మీకంటే బయటివాళ్లే బాగా గుర్తుపెట్టుకున్నట్టున్నారు. నాలుగో శతాబ్దంలో రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవ మతం వదిలేసి పాత దేవతల పూజను మళ్లీ నిలబెట్టాలని చూశాడు. ఆయన పేరు మీద ఉన్న ఒక లేఖలో ప్రధాన పూజారి అర్సాకియస్‌తో వాపోతాడు: ఈ గలిలయవాళ్లు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ పేదలనే కాదు మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మననుంచి సాయం లేకపోవడం సిగ్గుచేటు అని. ఊరూరా సత్రాలు పెట్టమంటాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే కప్పదొకియలోని కైసరయలో బాసిల్ అనే బిషప్ పేదలకు, రోగులకు, బాటసారులకు నగరం వెలుపల పెద్ద ఆశ్రయం కట్టించాడు. కుష్ఠరోగులను కూడా చేర్చుకున్నారు. మీ పెద్దాయన అప్పుడు కమిటీలో ఉంటే ఏమనేవాడో.

కృప_ఒక్కటే:
జూలియన్ సర్టిఫికెట్ మాకు అక్కర్లేదు. బాసిల్ వాక్యమూ చెప్పాడు, అది మీరు వదిలేశారు. నేనడిగినదానికి ఇంకా ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. మత్తయి 25 ప్రకారం సేవ చేయకపోతే నరకమా? అవునంటే కృప ఎక్కడుంది?

చిన్నగింజ:
బీదలెల్లప్పుడూ మీతో ఉంటారని యేసే అన్నాడు కదా. పేదరికం పోయేది కాదు.

నర్సమ్మ:
ఆ మాట ద్వితీయోపదేశకాండం 15:11లోది. బీదలు దేశంలో ఉండకమానరు, అందుకే నీ చెయ్యి చాపమని ఆ వచనంలోనే ఆజ్ఞ. సగం చెప్పి ఆపేస్తే చేతులు ముడుచుకోవడానికి బాగానే పనికొస్తుంది.

గట్టుమీదోడు గారూ, ఫొటోలు తీసేవాళ్లు ఉన్నారు, నేనూ చూశాను. వాళ్లను చూపించి అందరినీ ఒకే గాటన కట్టకండి. మాతో వచ్చేవాళ్లలో పగలంతా ఉద్యోగం చేసి వచ్చి అర్ధరాత్రి దాకా నిలబడేవాళ్లున్నారు. ఇక్కడ కూర్చుని టైప్ చేయడం తేలికే. మీరెప్పుడైనా ఒక్క రాత్రి అక్కడికి వచ్చారా?

గట్టుమీదోడు:
వచ్చానమ్మా. అవతలి వైపు.

నాన్న పోయాక ఇల్లు పోయింది. కొన్నాళ్లు అమ్మ, నేను, చెల్లి ఒకరి వరండాలో పడుకున్నాం. ఒక సంఘం వాళ్లు వచ్చారు. పేరు చెప్పను, అవసరం లేదు. సంచి నా చేతిలో పెట్టి, వెనక బ్యానరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. "సంచి కొంచెం కిందికి పట్టుకో బాబూ, పేరు కనపడాలి" అన్నారు. కిందికి పట్టుకున్నాను. అమ్మను నవ్వమన్నారు. ఆ ఫొటో వాళ్ల పత్రికలో వచ్చింది, అది మా క్లాసులోకి వచ్చింది. తర్వాత ఏమైందో నేను రాయక్కర్లేదు. అమ్మ ప్రార్థన మానలేదు గానీ ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు.

కాబట్టి నాకు మత్తయి 25 చదవకండి. "మేము అతనిలో క్రీస్తును చూస్తాం" అంటారు మీరంతా. మా అమ్మలో క్రీస్తు కనిపించకపోయినా ఫర్వాలేదు, మా అమ్మ కనిపించి ఉంటే చాలు. బీదలను కనికరించేవాడు యెహోవాకు అప్పిచ్చేవాడని సామెతల్లో ఉంది, నాకు తెలుసు. ఆ అప్పు పత్రం మీద మా మొహాలు ఎందుకు?

మోడరేటర్:
వ్యక్తిగతంగా ఎవరూ దిగొద్దు. చర్చ కొనసాగించండి.

కృప_ఒక్కటే:
మీకు జరిగినదానికి బాధగా ఉంది బ్రదర్. కానీ క్రీస్తును పక్కన పెట్టి మనిషి కోసమే చేయాలంటే అది మామూలు సాంఘిక సేవే. అది ఎవరైనా చేయొచ్చు, పై బ్రదర్ అవతలిపక్షం కూడా. క్రైస్తవుడు ఎందుకు చేయాలన్నది కదా ప్రశ్న?

నర్సమ్మ:
గట్టుమీదోడు గారూ, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

కృప బ్రదర్, మీరు ఇన్నిసార్లు అడిగారు కాబట్టి ఆ అధ్యాయానికే వెళ్దాం. కుడివైపున్న నీతిమంతులు రాజును ఏమడుగుతారు? "ప్రభువా, నువ్వు ఆకలితో ఉండడం మేమెప్పుడు చూశాం?" అని. వాళ్లకు తెలియదు. ఆ మనిషిలో ఎవరున్నారో లెక్కేసుకుని పెట్టలేదు, రక్షణ కోసమూ పెట్టలేదు. ఆకలేసింది కాబట్టి పెట్టారు. చూసి చేశామని చెప్పుకునేవాళ్లు ఆ కుడివైపున ఒక్కరూ లేరు. అందుకే ఆ అధ్యాయాన్ని బ్యానరు మీద రాసుకోవడం నాకూ నచ్చదు.

అయితే ఒకటి. ఉద్దేశం శుద్ధి అయ్యేదాకా ఆగితే ఈలోగా వేలు తీసేయాల్సి వస్తుంది. నాతో వచ్చే పిల్లల్లో కొందరు మొదట గొప్ప కోసమే వచ్చారు. రానివ్వండి అంటాను. కట్టు కట్టడం నేర్చుకున్నారు కదా.

గట్టుమీదోడు:
అక్కడే మీకూ నాకూ పడదు. కట్టించుకునేవాడికి తెలుస్తుందమ్మా, తన కాలు పట్టుకున్నవాడు దేనికి వచ్చాడో.

ధర్మశాస్త్రం ఈ సంగతి ఎప్పుడో ఆలోచించింది. లేవీయకాండం 19లో పొలం ఓరలు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయమని ఉంది. వరసలో నిలబడక్కర్లేదు, చెయ్యి చాపక్కర్లేదు. వచ్చి ఏరుకుని వెళ్లిపోవచ్చు. రూతు అనే పేద విధవరాలు తన పొలంలో పరిగె ఏరుకుంటుంటే బోయజు ఇంకో అడుగు వేశాడు. పనలోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడేయండి, రూతును గద్దించొద్దు అని పనివాళ్లకు చెప్పాడు. ఆమెకు మాత్రం తను ఏరుకున్నట్టే ఉంటుంది.

ఇంకోటి. అపొస్తలుల కార్యములు 6లో రోజూ పంచే దాంట్లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను నిర్లక్ష్యం చేస్తున్నారని గొడవ వచ్చింది. ఆ పంపకం చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు అపొస్తలులు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే గిన్నె గరిటె చాలామటుకు ఫిర్యాదు చేసినవాళ్ల వైపే ఇచ్చినట్టు కనిపిస్తోంది. మీ కమిటీలో ఒక్క రాత్రయినా బయట పడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నర్సమ్మ:
లేరు. పెట్టాలంటారు, మంచిదే. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది జ్వరంతో ఉంటారు, సగం మంది వచ్చే నెలకు ఇంకో చోట ఉంటారు. కుర్చీ వేసి మీటింగుకు పిలిస్తే నవ్విపోతారు. కమిటీలు బాగుపడేలోపు కూడా పుండు పుండే.

గట్టుమీదోడు:
నవ్వుతారో లేదో వాళ్లను అడిగారా? యెరికో దగ్గర దారి పక్కన కూర్చున్న గుడ్డి భిక్షగాణ్ని యేసు కూడా నీకేం కావాలని అడిగాడు. కళ్లు లేనివాడికి ఏం కావాలో ఆయనకు తెలియకా?

ప్రశ్నార్థకం:
అన్నా, మీరు రాసింది చదివాక ఈ వారం ఫోన్లు బయటికి తీయొద్దని మావాళ్లతో చెప్పాను. కమిటీకి ఏం చూపించాలో ఇంకా తెలియదు. ఒక పక్కన ముగ్గురున్నారు, వాళ్లను ఏం కావాలని అడిగాను. ఒకాయన పొడి సాక్సులన్నాడు. భోజనం వద్దంట, అప్పటికే వేరే రెండు గ్రూపులు ఇచ్చి వెళ్లాయంట. పక్కనే పొట్లాలు విప్పకుండా ఉన్నాయి. ఇంకొకతను ఫోన్ ఛార్జింగ్ అన్నాడు. పనికి పిలిచేవాడు ఫోన్ చేస్తే కలవకపోతే ఆ రోజు పని ఇంకొకడికి పోతుందంట. మూడో ఆయన "ఏమీ వద్దు, పొండి" అన్నాడు. ఆయన దగ్గర ఏం చేయాలి?

గట్టుమీదోడు:
పొమ్మంటే పో. వచ్చే వారం మళ్లీ వెళ్లి మళ్లీ అడుగు.

నర్సమ్మ:
పొమ్మన్నాడు సరే, కుంటుతున్నాడేమో చూశావా?

గట్టుమీదోడు:
అమ్మా, వద్దన్నాడు.

నర్సమ్మ:
కుంటుతుంటే వచ్చే వారం దాకా ఆగడానికి లేదు బాబూ. తమ్ముడూ, నువ్వు చెప్పు. కుంటుతున్నాడా?

ప్రశ్నార్థకం:
పడుకునే ఉన్నాడు అక్కా. చూడలేదు.

కృప_ఒక్కటే:
కుడివైపువాళ్లకు తెలియదన్నారు సిస్టర్, బాగానే ఉంది. అయినా తీర్పు దేన్నిబట్టి అన్నది అలాగే ఉండిపోయింది. మత్తయి 25, ఎఫెసీ 2 మీద వేరే చర్చ మొదలుపెట్టాను. సాక్సుల సంగతి కాకుండా వాక్యం మాట్లాడాలనుకునేవాళ్లు అక్కడికి రండి.